సబ్‌ఫ్రేమ్‌కి అతుకు వేస్తే ఆగుతుందా?

ప్రశ్న: ఇంట్లోనే పాత కారు బాగు చేసుకుంటున్నాను. సబ్‌ఫ్రేమ్ (ఇంజిన్, సస్పెన్షన్ బిగించే అడుగు చట్రం) మీద తుప్పు గీకుతుంటే స్క్రూడ్రైవర్ లోపలికి దిగిపోయింది. పైన రేకు పెట్టి వెల్డింగ్ చేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. సబ్‌ఫ్రేమ్ డబ్బాలా బోలుగా ఉంటుంది, నీళ్లు నిలిచి లోపలి నుంచే తినేస్తాయి కాబట్టి మీకు కనిపించిన చిల్లు అన్నిటికంటే చివర పడిందన్నమాట. చిన్న సుత్తితో చుట్టూ కొట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చింది డబ్‌మంటుంది. ఖంగుమనే చోటిదాకా కోసేసి, అదే మందం రేకు అంచుకు అంచు కలిపి అతకాలి.

కోసే ముందే బోల్టు రంధ్రాల మధ్య మూల నుంచి మూలకి రెండు వైపులా కొలిచి రాసుకోండి, ఎందుకంటే వెల్డింగ్ వేడికి ఇనుము లాగేస్తుంది, కొద్ది మిల్లీమీటర్లు జరిగినా చక్రాల అలైన్‌మెంట్ కుదరక టైర్లు ఒక పక్కే అరుగుతాయి. ముందు చుక్కలు చుక్కలుగా అతికించి, మళ్లీ కొలిచాకే పూర్తి చేయండి. బ్యాటరీ కనెక్షన్ తీసేయడం, దగ్గర్లోని పెట్రోలు పైపులు విప్పడం మరవొద్దు.

సస్పెన్షన్ ఆర్మ్ (చక్రాన్ని పట్టి ఉంచే చేయి) బిగించే చోటే పుచ్చిపోతే మాత్రం అతుకుల జోలికి పోకండి, నేనైతే వేరే సబ్‌ఫ్రేమే వేస్తాను. చివర్లో లోపలంతా తుప్పు పట్టకుండా వ్యాక్స్ కొట్టండి, నీళ్లు పోయే రంధ్రాలు మాత్రం మూసేయకండి.