విస్తరికి అడ్డం పెట్టిన చెయ్యి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా తల్లిదండ్రులు తెలుగువారే అయినా నేను పుట్టి పెరిగింది పుణేలో. పెళ్ళయి రాజమహేంద్రవరం వచ్చి ఏడాది అయింది. వచ్చిన కొత్తలో మా అత్తగారు “బియ్యం నిండుకున్నాయమ్మా” అంటే డబ్బా నిండా ఉన్నాయనుకుని ఊరుకున్నాను. దానికి అందరం నవ్వుకుని మరిచిపోయాం గానీ నా అసలు ఇబ్బంది వేరే ఉంది. భోజనాల దగ్గర ఆవిడ “ఇంక వద్దు” అంటారు, నేను వడ్డించడం మానేస్తాను, తరవాత నేను సరిగా కనుక్కోలేదని ఆడపడుచుతో అన్నట్టు తెలుస్తుంది. మనసులో ఉన్నది నోటితో చెప్పకపోవడం అబద్ధమే కదా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అబద్ధం కాదమ్మా. అబద్ధమాడేవారు ఎదుటివారికి నిజం తెలియకూడదని కోరుకుంటారు. మీ అత్తగారు తాను చెప్పకపోయినా మీకు తెలియాలని కోరుకుంటున్నారు.

మీరు రాసిన రెండు సంగతులూ పైకి ఒకేలా కనిపించినా వాటి పద్ధతి వేరు. మొదటిది అశుభం పలకకూడదన్న పట్టింపు వల్ల వచ్చింది. ఇంట్లో ఫలానాది లేదనే మాట నోట రాకూడదని “నిండుకున్నాయి” అంటారు, దీపం ఆరిపోతే “కొండెక్కింది” అంటారు, మంగళసూత్రం తెగితే “పెరిగింది” అంటారు, చీకటి పడ్డాక పాము పేరెత్తకుండా “పురుగు” అంటారు, గడప దాటేవారు “వెళ్తాను” అనరు, “వెళ్ళొస్తాను” అంటారు, బయలుదేరినవారిని “ఎక్కడికి” అని నిలదీయకుండా “దూరమా?” అని అడుగుతారు. వీటిలో ఊహించి తెలుసుకోవలసింది ఏమీ లేదు, ఒకసారి నేర్చుకుంటే సరిపోతుంది. మీ అత్తగారినే అడిగి ఒక పుస్తకంలో రాసుకోండి. అడిగినందుకు ఆవిడ సంతోషిస్తారని నా నమ్మకం.

రెండోది అలా రాసుకుంటే వచ్చేది కాదు, ఎందుకంటే “వద్దు” అన్న మాటకు అర్థం ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారన్న దాన్ని బట్టి మారుతుంది. దీని గురించి మన ఆలంకారికులు ఎంతో లోతుగా ఆలోచించారు. 11వ శతాబ్దపు కాశ్మీర పండితుడు మమ్మటుడు “సూర్యుడు అస్తమించాడు” అన్న ఒక్క వాక్యాన్ని ఉదాహరణగా తీసుకుని, అది శత్రువు మీదికి వెళ్ళేవారికి దాడికి వేళయిందనీ, పనివారికి పని ఆపవచ్చుననీ, సంధ్య వార్చుకునేవారికి అనుష్ఠానం మొదలుపెట్టమనీ, పశువుల కాపరికి మందను ఇంటికి తోలమనీ వేర్వేరుగా అర్థమవుతుందని చూపించాడు. మాట ఒక్కటే; వినేవారి బతుకులోంచి అర్థం పుడుతోంది. మీ ఇంటి భోజనాల దగ్గర జరుగుతున్నదీ ఇదే.

అక్కడ “వద్దు” అనిపించేది మొహమాటం. మొహమాటంలోని మొహం ముఖమే, అందుకే ఈ మాట నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది. పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లో మర్యాద గురించి ప్రతిపాదించిన ప్రసిద్ధ సిద్ధాంతానికి కూడా కేంద్రం ముఖమే: మనుషులు తమ ముఖం చిన్నబోకుండా, ఎదుటివారి ముఖం చిన్నబుచ్చకుండా ఉండడానికి మాటను చుట్టు తిప్పి చెబుతారని వారు వాదించారు. వారు ఆధారంగా తీసుకున్న మూడు భాషల్లో ఇంగ్లీషు, మెక్సికోలోని సెల్టాల్‌తో పాటు కోయంబత్తూరు జిల్లాలోని ఒక పల్లెలో మాట్లాడే తమిళం కూడా ఉంది. మన పొరుగింటి మాటల్లోంచే ఆ సిద్ధాంతానికి బలం చేకూరిందన్న మాట. పెళ్ళిచూపులకు వచ్చినవారు “ఇంటికి వెళ్ళి కబురు చేస్తాం” అనడమూ, నచ్చని సంబంధాన్ని “జాతకాలు కుదరలేదు” అని తప్పించడమూ ఆడపిల్ల ముఖం చిన్నబుచ్చకూడదనే.

ఇక వడ్డన సంగతి. నోరు చెప్పనిది చెయ్యి చెబుతుంది. నిజంగా చాలనుకున్నవారు ముందుకు వంగి విస్తరి మీద చేతులు అడ్డం పెడతారు, గరిటె వెనక్కి పోయేదాకా తీయరు. మొహమాటానికి వద్దన్నవారి చెయ్యి సగం దూరం లేచి ఆగుతుంది, చూపు గిన్నె మీద ఉంటుంది, పైగా “వద్దమ్మా, నీకు మిగిలిందో లేదో” అని మాట మీ వైపు మళ్ళుతుంది. ఆ మాట విన్నారంటే ఇంకో గరిటె వడ్డించవచ్చు.

అయితే తప్పంతా మీదేనని నేను అనను. ఈ భాష ఇద్దరికీ తెలిసినప్పుడే పని చేస్తుంది. తెలియనివారికి నేర్పకుండా వారి మీద వేరొకరితో చెప్పుకోవడం న్యాయం కాదు. “అత్తయ్యా, నేను వద్దంటే వద్దనే అనుకునే చోట పెరిగాను, నాకు మీరే చెప్పాలి” అని ఆవిడతో ఒక్కసారి అనండి. ఒక్క విషయంలో మాత్రం సూచనల మీద ఆధారపడకండి. పెద్దవారు ఒంట్లో బాగోలేకపోయినా “ఏం లేదు, బాగానే ఉన్నాను” అంటారు, డాక్టరు ముందు కూడా అదే అంటారు. “ఎలా ఉంది?” అని కాకుండా “మెట్లెక్కేటప్పుడు ఎక్కడ ఆగుతున్నారు? రాత్రి ఎన్నిసార్లు లేచారు?” అని అడగండి.

ప్రశ్న: మనం చెప్పే విషయంలో మాటల వంతు 7 శాతమేననీ, మిగతా 93 శాతం గొంతూ ముఖకవళికలే చెబుతాయనీ మా కాలేజీలో పెట్టిన వ్యక్తిత్వ వికాస తరగతిలో చెప్పారు. కళ్ళలోకి చూడనివాడు అబద్ధం చెబుతున్నట్టేనని కూడా అన్నారు. నాకు పెద్దల ముందు కళ్ళు దించుకునే అలవాటు ఉంది. ఇంటర్వ్యూలో నష్టపోతానా?
— ఒక డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: ఆ లెక్క 1967లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ సహచరులతో కలిసి ప్రచురించిన రెండు ప్రయోగాల నుంచి వచ్చింది. ఒకదానిలో విడివిడి మాటలను రకరకాల స్వరాలతో వినిపించారు. మరొకదానిలో “మేబీ” అనే ఒక్క మాటను మూడు స్వరాల్లో పలికించి, ముఖాల ఫొటోలతో జతచేసి చూపించారు. మాటకూ ముఖానికీ పొత్తు కుదరనప్పుడు, పలికినవారికి ఎదుటివారి మీద ఇష్టం ఉందో లేదో వినేవారు దేన్ని బట్టి నిర్ణయిస్తారన్నదే అక్కడి ప్రశ్న. భావాలూ ఇష్టాయిష్టాలూ కాక ఇతర విషయాలకు ఈ అంకెలు వర్తించవని మెహ్రాబియనే స్పష్టం చేశారు. నిజంగా మాటల వంతు 7 శాతమే అయితే రేడియోలో వార్తలు విన్నవారికి సగమైనా అర్థం కాకూడదు.

అబద్ధాన్ని పట్టుకోవడం గురించి చెప్పిన మాట ఇంకా ప్రమాదకరమైనది. అప్పటిదాకా జరిగిన పరిశోధనలను చార్లెస్ బాండ్, బెల్లా డిపౌలో 2006లో కలిపి చూసినప్పుడు, మనుషులు నిజాన్నీ అబద్ధాన్నీ సరిగా గుర్తించగలిగింది సగటున 54 శాతమేనని తేలింది. నాణెం ఎగరేసి చెప్పినా 50 శాతం వస్తుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడన్న సామెత మనకు ఉంది గానీ, తన మీద అనుమానం పడుతుందేమోనన్న భయంతో దొంగ కానివాడు కూడా భుజం తడుముకుంటాడు. మీరు కళ్ళు దించుకోవడం గౌరవం. ఇంటర్వ్యూలో ప్రశ్న వినేటప్పుడూ జవాబు మొదలుపెట్టేటప్పుడూ అడిగినవారి ముఖం వైపు చూస్తే చాలు. మధ్యలో ఆలోచిస్తూ చూపు మరల్చడం ఎవరైనా చేసేదే.

ప్రశ్న: వీడియో సమావేశాల్లో నేను తల ఊపితే అమెరికన్ సహోద్యోగులు అయోమయపడుతున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: మనం తలను భుజాల వైపు అటూ ఇటూ వాల్చి ఊపితే సరేననీ, వింటున్నాననీ అర్థం. ఆ అలవాటు లేనివారికి అది “కాదు”లాగానో, తేల్చుకోలేకపోతున్నట్టుగానో కనిపిస్తుంది. తల ఊపడం మానుకోవలసిన పని లేదు, దానికి ఒక మాట జోడించండి. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. కథ చెబుతుంటే ఊ కొట్టే అలవాటుతో మనం “యస్, యస్” అంటూ వింటాం. మన దృష్టిలో అది వింటున్నామని చెప్పడమే, వారు మాత్రం దాన్ని ఒప్పుకోలుగా తీసుకుంటారు. పని ఒప్పుకుంటే “శుక్రవారానికి ఇస్తాను” అని తేదీతో చెప్పండి. ఒప్పుకోకపోతే “ఇప్పటిదాకా విన్నాను, రేపు జవాబు చెబుతాను” అనండి.