ఎంజైముల మీద ఇష్టం ఉంటే ఎమ్మెస్సీ ఏది?

ప్రశ్న: బీఎస్సీ (బీజడ్‌సీ) చివరి ఏడాది చదువుతున్నాను. యాంటీబయాటిక్ అణువుల్లోని వలయాలను బ్యాక్టీరియా ఎంజైములే కడతాయని క్లాసులో విన్నప్పటి నుంచీ అదే ధ్యాస. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చేయాలా, కెమిస్ట్రీయా? ఇంట్లో మాత్రం బీఈడీ చేయమంటున్నారు.
– ఓ విద్యార్థిని, కరీంనగర్

జవాబు: సీటు వస్తే ఆర్గానిక్ కెమిస్ట్రీలోనే చేరండి. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ సంగతే తీసుకోండి. శాకరోపాలీస్పోరా ఎరిత్రియా అనే బ్యాక్టీరియా ఒక ప్రొపియోనిల్ ముక్కతో మొదలుపెట్టి, ఆరు మిథైల్‌మలోనిల్ ముక్కలను పూసలు గుచ్చినట్టు వరసగా కలుపుతుంది. ఇంత పనీ మూడు భారీ ప్రోటీన్లు పంచుకుంటాయి. మూడోదాని చివర థయోఎస్టరేజ్ అనే, తయారైన గొలుసును విడిపించే భాగం ఉంటుంది. అది గొలుసును తనలోని సెరీన్ అనే అమైనో ఆమ్లం మీదికి తీసుకుంటుంది. అక్కడ నీరు తగిలితే గొలుసు తెగి ఊడిపోవాలి. అలా కానివ్వకుండా, గొలుసు రెండో కొస దగ్గరున్న హైడ్రాక్సిల్‌నే తెచ్చి కలుపుతుంది. 14 పరమాణువుల లాక్టోన్ (ఎస్టర్ బంధంతో మూసిన) వలయం ఏర్పడుతుంది. ఇదే ఫ్లాస్కులో చేయబోతే ఒక గొలుసు పోయి పక్క గొలుసును పట్టుకుంటుంది. అందుకే కెమిస్టులు ద్రావణాన్ని బాగా పలచన చేసి తంటాలు పడతారు. వాంకోమైసిన్ అనే మరో యాంటీబయాటిక్‌లో పద్ధతి వేరు, అక్కడ పెప్టైడ్ (అమైనో ఆమ్లాల గొలుసు)లోని ఆరోమాటిక్ వలయాలను పీ450 అనే ఆక్సీకరణ ఎంజైములు ఒకదానితో ఒకటి ముడివేస్తాయి.

ఎలక్ట్రాన్లు ఎటు కదులుతున్నాయో కాగితం మీద గీయగలిగితేనే ఇవన్నీ అర్థమవుతాయి. జీన్ క్లోనింగ్ పీహెచ్‌డీలో చేరాకైనా నేర్చుకోవచ్చు, రియాక్షన్ మెకానిజం అంత ఆలస్యంగా పట్టుబడడం కష్టం. ఇది నా అభిప్రాయం, బయోటెక్నాలజీ వాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలు ఐఐటీ జామ్, సీయూఈటీ పీజీ రెండూ రాయండి. మీరు బైపీసీ నుంచి వచ్చారు కాబట్టి ఒక జాగ్రత్త: కెమిస్ట్రీకి కొన్నిచోట్ల ఇంటర్ గణితం అడుగుతారు, ప్రకటనలో ముందే చూసుకోండి. అక్కడ ఆగిపోతే బయోకెమిస్ట్రీ నా రెండో ఎంపిక. తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవారికిచ్చే ఫెలోషిప్) వస్తే మొదట నెలకు 37,000 రూపాయలు. హైదరాబాద్ ఐఐసీటీ, పుణె ఎన్‌సీఎల్, చండీగఢ్ ఇమ్‌టెక్ అనే సీఎస్‌ఐఆర్ పరిశోధన సంస్థల్లో గైడ్ల ఇటీవలి పేపర్లు చదివాకే దరఖాస్తు చేయండి. హైదరాబాద్ ఫార్మాలో క్వాలిటీ, సింథసిస్ ఉద్యోగాలే ఎక్కువ. ఎంజైముల పని తక్కువచోట్లే దొరుకుతుంది, అదీ ఎక్కువగా పీహెచ్‌డీ తర్వాతే.

ఇంట్లోవాళ్లకు ఒకటి చెప్పండి: ఎమ్మెస్సీ ఉంటే జూనియర్ లెక్చరర్ పోస్టుకు దారి ఉంటుంది, బీఈడీ తర్వాతైనా చేయవచ్చు.

ఈలోపు యాంటీస్మాష్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ అనే బ్యాక్టీరియా జీనోమ్ వేసి చూడండి. యాంటీబయాటిక్‌లాంటి పదార్థాలు తయారుచేసే జన్యు గుంపులు ఇరవైకి పైనే కనిపిస్తాయి. వాటిలో థయోఎస్టరేజ్ ఎక్కడుందో వెతికి, రెండు పేజీల నోట్సు రాయండి. గైడ్‌కు పంపే మొదటి ఈమెయిల్‌కు దాన్నే జతచేయండి.