పుట్టిన తేదీ లేని కార్డుల్ని ఏం చేయాలి?

ప్రశ్న: గుంటూరులో మా పిల్లల క్లినిక్ పాత కార్డుల్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాం. తక్కువ బరువున్న పిల్లలు ఎందరో లెక్క తీయాలి. చాలా కార్డుల్లో పుట్టిన తేదీ లేదు, కొన్నింట్లో ఆడో మగో కూడా రాయలేదు. వాటిని పక్కన పెట్టేయమంటారా, సగటు వయసు వేసేయమంటారా?

జవాబు: రెండూ వద్దండి. పక్కన పెడితే జారిపోయేది ఎక్కువగా మిర్చి కోతలకు, యార్డు పనులకు వలస వచ్చినవాళ్ల పిల్లలూ, ఇంట్లో పుట్టినవాళ్లూ. మనం వెతికేదే వాళ్లని కదా! ఇక సగటు వేస్తే ఏమవుతుందో చూడండి. డబ్ల్యూహెచ్‌ఓ పట్టిక ప్రకారం ఏడాది నిండిన మగపిల్లాడు 7.7 కిలోలకు తగ్గితే తక్కువ బరువు, ఆడపిల్లకు ఆ హద్దు 7.0. అంటే 7.3 కిలోల బిడ్డ అబ్బాయైతే లెక్కలోకి వస్తాడు, అమ్మాయైతే రాదు. అదే అబ్బాయికి తొమ్మిది నెలలే అయితే వాడూ రాడు.

ముందు తల్లి దగ్గరున్న టీకాల కార్డు తెప్పించండి. హెపటైటిస్-బి పుట్టిన మోతాదు 24 గంటల్లోపు వేస్తారు కాబట్టి ఆ తేదీ ఉంటే పుట్టిన రోజు దాదాపు దొరికినట్టే. పెంటా (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) మొదటి డోసును మాత్రం అలా నమ్మకండి. అది ఆరు వారాలకు ముందు వేయరు గానీ ఆలస్యం మామూలే, కాబట్టి బిడ్డకు అప్పటికి కనీసం ఆరు వారాలు అని మాత్రమే తెలుస్తుంది. కార్డే లేకపోతే సంక్రాంతికి ముందా తర్వాతా, ఉగాదికి ఎన్నో నెల అని అడగండి. నెల వరకే తేలితే 15వ తేదీ వేసి, పక్క గడిలో 'అంచనా' అని రాయండి. జనవరి 1 వేసే అలవాటు మానాలి, నిజంగా ఆ రోజు పుట్టినవాళ్లు అందులో కలిసిపోతారు.

'బేబీ ఆఫ్' అని తల్లి పేరుతో ఉన్న కార్డుల్లో ఆడో మగో ఊహించవద్దు, కాన్పు రిజిస్టర్ చూడండి. ఖాళీకి సున్నా, 99 వేయకండి, సగటులో దూరిపోతాయి. 'అడగలేదు', 'అడిగినా తెలియదన్నారు' అని వేర్వేరుగా గుర్తు పెట్టండి.

అప్పటికీ మిగిలినవాటికి బరువు, ఎత్తు, టీకాల తేదీలు ఆధారంగా మల్టిపుల్ ఇంప్యుటేషన్ చేయించండి, అంటే ఉన్న వివరాల్ని బట్టి ఖాళీని వేర్వేరు అంచనాలతో చాలాసార్లు నింపే గణాంక పద్ధతి. ఒక్కసారి నింపి వదిలేస్తే అంచనా కాస్తా ఖాయమైన లెక్కలా కనిపిస్తుంది; ఇరవై సార్లు నింపి ఫలితాలు కలపాలి. ఆ అంకెలు నివేదిక వరకే, బిడ్డ కార్డు మీదికి ఎక్కకూడదు. వైద్యానికైతే జబ్బ చుట్టుకొలత తీయండి: ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 11.5 సెంటీమీటర్లకు తగ్గితే తీవ్ర పోషకాహార లోపం, ఆడైనా మగైనా హద్దు ఒకటే.