అఫైర్ ఉందని విడాకుల కేసు పడిందా? వర్జీనియాలో మీకున్న దారులు

"నాకు అఫైర్ ఉందని ఆయన కేసు వేశారు అక్కా, ఇక అంతేనా?" అని ఆష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు కొత్తగా వచ్చిన చెల్లెళ్లు అడుగుతుంటారు. తమ్ముళ్లూ అడుగుతారు, కాస్త గొంతు తగ్గించి. అంతే కాదు. కానీ సమన్లు చేతికందాక 21 రోజుల్లో కోర్టులో జవాబు వేయాలి. సిగ్గుతోనో, ఇంటి పెద్దలు సర్దిచెబుతారన్న ఆశతోనో ఆ గడువు దాటనివ్వకండి, మీ మాట వినకుండానే కేసు ముందుకు పోతుంది.

ముందు మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారో చూసుకోండి. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉన్న మీ ఫ్రెండ్ చెప్పింది ఇక్కడ పనికిరాదు. కాలిఫోర్నియాలో విడాకులకు వ్యభిచారం అనే కారణమే లేదు, పొటోమాక్ నది దాటితే మేరీలాండ్‌లో 2023 అక్టోబర్ 1 నుంచి తీసేశారు. వర్జీనియాలో మాత్రం ఇంకా ఉంది. పైగా వ్యభిచారం ఇక్కడ చిన్న నేరం కూడా, 250 డాలర్ల దాకా జరిమానా. ఎవరికీ సాధారణంగా ఆ కేసు పెట్టరు గానీ, లాయర్‌ని అడగకుండా వాట్సాప్‌లో పేజీలకు పేజీలు క్షమాపణలు రాయొద్దని నేను అనేది అందుకే.

నిరూపించాల్సిన బాధ్యత కేసు వేసినవాళ్లదే. గట్టి అనుమానం ఉంటే సరిపోదు, స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం కావాలి, అది కూడా భార్యాభర్తల మాటలే కాకుండా బయటి ఆధారం తోడుండాలి. ఆఫీసు కొలీగ్‌తో కాఫీ తాగిన ఫొటో ఒక్కటే చూపించి గెలవలేరు.

ఇక అసలైన డిఫెన్స్, మన ఇళ్లలో ఎక్కువగా పనికొచ్చేది, కండోనేషన్. అంటే సంగతి తెలిశాక కూడా మనస్ఫూర్తిగా మళ్లీ కాపురం చేస్తే, ఆ పాత తప్పు మీద విడాకులు అడగడానికి వీల్లేదు. మనవాళ్లలో జరిగేది సరిగ్గా ఇదే కదా, విషయం బయటపడుతుంది, అత్తమామలు ఫోన్‌లో పంచాయితీ చేస్తారు, పిల్లల కోసమని కలిసిపోతారు, ఏడాది తర్వాత ఇంకేదో గొడవలో పాత కథ తవ్వి కేసు వేస్తారు. అలాంటప్పుడు కలిసిపోయాక చేసిన ప్రయాణాలు, మెసేజ్‌లు, తెలిసినవాళ్ల సాక్ష్యం, అన్నీ దాచిపెట్టుకోండి. ఈ మాట జవాబులో మీరే రాయాలి, జడ్జి గారు మీ తరఫున వెతికి పెట్టరు. అయితే ఆ క్షమాపణకు షరతు ఉంటుంది, మళ్లీ అదే పని చేస్తే పాతదీ లేచి కూర్చుంటుంది. అలాగే మోసపోయినవాళ్లకూ ఒక మాట: వీసా కోసమో, అద్దె కట్టలేకో ఒకే ఇంట్లో వేరే గదుల్లో ఉంటున్నంత మాత్రాన క్షమించేసినట్టు కాదని వాదించొచ్చు, కానీ ఏం చేయాలో తేల్చుకునేదాకా మళ్లీ మొగుడూపెళ్లాల్లా ఉండకండి.

మిగతావి త్వరగా చెప్తాను. అవతలివాళ్లే ఉసిగొల్పితే, లేదా తెలిసి ఒప్పుకుంటే అది కనైవెన్స్, కేసు నిలవదు. అనుమానం వచ్చి డిటెక్టివ్‌ని పెట్టుకోవడం మాత్రం కనైవెన్స్ కాదు. తప్పు ఇద్దరిదీ అయితే రిక్రిమినేషన్, అదీ డిఫెన్సే. కేసు వేసేనాటికి ఐదేళ్ల కంటే ముందే జరిగిపోయిన సంబంధమైతే దాని మీద కూడా కేసు చెల్లదు.

"ఏడాది విడిగా ఉంటే విడాకులు ఎలాగూ వస్తాయి, ఈ గొడవంతా ఎందుకు?" అంటారు. భరణం కోసం. వర్జీనియాలో వ్యభిచారం రుజువైనవాళ్లకు, మరీ ఘోరమైన అన్యాయం జరుగుతుందని జడ్జికి చూపిస్తే తప్ప, శాశ్వత భరణం రాదు. ఉద్యోగం మానేసి హెచ్4 మీద, అంటే భర్త వీసా మీద ఆధారపడిన డిపెండెంట్ వీసా మీద వచ్చిన అమ్మాయికి ఇది బతుకు ప్రశ్న. పిల్లల ఖర్చుకి ఇచ్చే డబ్బు మాత్రం దీనివల్ల ఆగదు, భయపడకండి.

భార్య ఫోన్‌లో, భర్త ఫోన్‌లో స్పైవేర్ పెట్టి సాక్ష్యం సేకరిద్దామనుకునేవాళ్లు దయచేసి ఆగండి. అది మీ మీదే క్రిమినల్ కేసు అవుతుంది.

ఇండియా సంగతి. హిందూ వివాహ చట్టంలో 23వ సెక్షన్ కూడా క్షమించినా, ప్రోత్సహించినా ఈ కారణం మీద విడాకులు ఇవ్వొద్దనే అంటుంది. తిరుపతిలో పెళ్లయి మిస్సోరీలో విడాకులు తెచ్చుకున్న ఒక కేసులో 1991లో సుప్రీంకోర్టు ఆ అమెరికా డిక్రీ చెల్లదంది. విదేశీ డిక్రీ నిలవాలంటే మన చట్టంలో ఉన్న కారణం మీద రావాలి, రెండోవాళ్లు నిజంగా పాల్గొనాలి, లేదా విడాకులకు ఒప్పుకోవాలి. ఏడాది విడిగా ఉన్నామని ఒక్కరే తెచ్చుకున్న డిక్రీతో హైదరాబాద్ వెళ్లి రెండో పెళ్లి చేసుకుంటే చిక్కుల్లో పడతారు. అందుకని ఇక్కడి లాయర్‌తో పాటు అక్కడి లాయర్‌నీ అడగండి. హెచ్4 మీద ఉన్నవాళ్లైతే, విడాకుల డిక్రీతో ఆ స్టేటస్ కూడా పోతుంది కాబట్టి, జవాబు వేసే వారంలోనే ఇమిగ్రేషన్ లాయర్‌నీ కలవండి. డబ్బు లేకపోతే లీగల్ సర్వీసెస్ ఆఫ్ నార్తర్న్ వర్జీనియా వాళ్లకు ఫోన్ చేయండి. ఆదాయం తక్కువున్నవాళ్లకు ఫీజు లేకుండా సాయం చేస్తారు.