చేపల వేటకు వెళ్తున్నారా? ముందు పాదాలు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 58. మాది విజయవాడ. 11 ఏళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, టెల్మిసార్టన్‌-హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతున్నాను. అరికాళ్లలో అప్పుడప్పుడు తిమ్మిర్లు వస్తాయి. జూన్‌లో ఫ్లోరిడాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. అల్లుడు అక్కడి ఐలమొరాడా అనే దీవుల ఊళ్లో గైడ్‌తో చేపల వేట బుక్ చేశాడు. లోతు లేని సముద్రపు నీళ్లలో చిన్న పడవ మీద నిలబడి, చేప కంటికి కనిపించాక గాలం విసరాలట. ఎండ, వాంతుల గురించి టెన్షన్‌గా ఉంది. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: తప్పకుండా వెళ్లండి. కానీ మీరు భయపడుతున్న రెండిటికంటే, ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన అరికాళ్ల తిమ్మిర్లే నన్ను ఎక్కువ ఆలోచనలో పెట్టాయి.

వాంతుల సంగతి ముందే తేల్చేద్దాం. ఫ్లాట్స్ అనే ఆ చోట నీళ్లు మోకాలి లోతో, నడుం లోతో ఉంటాయి. పెద్ద అలలు రావు. ఇంజిన్ ఆపేసి, గైడ్ పడవ వెనక భాగంలో ఉన్న ఎత్తు బల్ల ఎక్కి గెడ వేస్తూ దాన్ని నెడతాడు. వాంతుల మాత్ర చాలామందికి అవసరం పడదు. పైగా ఆ మాత్రల మత్తుతో పడవ అంచున నిలబడటం ప్రమాదం.

ఇక పాదాలు. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు ఇలా తిమ్మిర్లు వస్తుంటే, నరాలు దెబ్బతిని పాదాల్లో స్పర్శ తగ్గుతూ ఉండొచ్చు. పడవ ముందు బల్ల మీద చాలామంది చెప్పులు విప్పేసి నిలబడతారు. వదులుగా పడి ఉన్న దారాన్ని తొక్కితే వెంటనే తెలియాలని అలా చేస్తారు. మీరు మాత్రం విప్పొద్దు. స్పర్శ తగ్గిన కాలికి దారం తెలియదు, ఎండకు కాలిన బల్ల తెలియదు, కింద పడ్డ గాలం ముల్లూ తెలియదు. మెత్తటి అడుగు ఉన్న, జారని మూసిన బూట్లు వేసుకోండి. కొత్తవైతే రెండు వారాల ముందు నుంచే ఇంట్లో వేసుకుని తిరగండి. బొబ్బలు అక్కడికి వెళ్లాక రాకూడదు.

ప్రయాణానికి ముందే మీ డాక్టర్‌తో పాదాల పరీక్ష చేయించుకోండి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగును అరికాలికి ఆనించి స్పర్శ ఉందో లేదో చూస్తారు. స్పర్శ తగ్గిందని తేలితే నీళ్లలోకి దిగి నడవడం మానేయండి, పడవ మీద నుంచే వేటాడండి. అడుగున గవ్వ ముక్కలుంటాయి, ఇసుకలో తోకకు విషపు ముల్లుండే టేకు చేపలు (స్టింగ్‌రే) దాక్కుంటాయి. టేకు ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో కాలు పెట్టమంటారు. మీకు ఆ వేడి ఎంతో తెలియదు కాబట్టి ముందు అల్లుడు గారు చెయ్యి పెట్టి చూడాలి. నీళ్లు 45 డిగ్రీలు దాటకూడదు.

వెచ్చటి ఉప్పునీటిలో విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది. అరుదే, కానీ షుగర్, లివర్ జబ్బులున్నవాళ్లకు చిన్న గాయం ద్వారా ఎక్కి ఒకట్రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తేవచ్చు. కాళ్లకో చేతులకో మానని పుండు ఉంటే ఈ ట్రిప్ వాయిదా వేయండి. పచ్చి ఆయిస్టర్ల (ఆలుచిప్పల) ద్వారా కూడా ఇది సోకుతుంది, ఎవరు పెట్టినా తినొద్దు. టీటీ ఇంజెక్షన్ తీసుకుని పదేళ్లు దాటితే ముందే వేయించుకోండి.

ఎండ విషయంలో ఒక చిక్కు ఉంది. నీటి అడుగున చేప కనిపించాలంటే సూర్యుడు పైకి రావాలి. అంటే వేటకు మంచి వేళ మీకు కష్టమైన వేళే. పూర్తి రోజు వద్దు, ఉదయం పూట నాలుగు గంటలు మాత్రమే సాగే ట్రిప్‌గా మార్చమనండి. పడవ మీద నీడ ఉండదు. ఎండలోని హానికర కిరణాలను ఆపే (యూపీఎఫ్ 50) నిండు చేతుల చొక్కా, వెడల్పు టోపీ, మెడ గుడ్డ ఉండాలి. నీళ్ల మీద పడ్డ ఎండ కింది నుంచి కూడా కొడుతుంది కాబట్టి గడ్డం కింద, చెవులకూ సన్‌స్క్రీన్ రాసి, రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. మీ బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ చర్మాన్ని ఎండకు తట్టుకోనివ్వదు, ఒంట్లో నీళ్లనూ లాగేస్తుంది. ఆ మాత్ర మీరే ఆపొద్దు. ఆ రోజు ఏ వేళకు వేసుకోవాలో మీ డాక్టర్‌ను అడగండి. పడవలో టాయిలెట్ ఉండదని చాలామంది నీళ్లు మానేస్తారు, అది చాలా తప్పు. పోలరైజ్డ్ కళ్లద్దాలు రాగి రంగువి తీసుకోండి. అవి లేకపోతే మెరుపు తప్ప చేప కనబడదు.

గ్లిమిపిరైడ్‌తో షుగర్ పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండెదడ వస్తే చేపను చూసిన ఉత్సాహమనో ఎండ అనో అనుకోవద్దు, వెంటనే కూర్చుని షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ తిని, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. టిఫిన్ తినకుండా మాత్ర వేసుకుని బయల్దేరొద్దు.

గైడ్ ‘10 గంటల దిక్కు, 40 అడుగులు’ (పడవ ముందు కొస గడియారంలో 12 అనుకుంటే 10 ఉండే వైపు) అని అరవగానే ఒక్కసారిగా తిరిగితే తూలొచ్చు. ఆనుకునే కమ్మీ ఉన్న పడవ కావాలని ముందే చెప్పండి. మీకు షుగర్ ఉందని, కాళ్లలో స్పర్శ తక్కువని కూడా గైడ్‌కు చెప్పి పెట్టండి.

ఒడ్డుకు రాగానే రెండు పాదాలూ మంచినీళ్లతో కడిగి, వేళ్ల మధ్య, అరికాలు మీ అమ్మాయితో చూపించుకోండి. గీరుకున్న గాయం కనిపించి, దాని చుట్టూ ఎరుపు పాకుతున్నా, బొబ్బలు లేచినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లి, ఉప్పునీటిలో తగిలిన గాయమని, షుగర్ ఉందని మొదటి మాటలోనే చెప్పండి.