బయటి ల్యాబ్‌తో కలిసి రీసెర్చ్ చేస్తే కంపెనీకి ఒరిగేదేంటి?

కంపెనీ సైంటిస్టులు యూనివర్సిటీలతో కలిసి పనిచేస్తే కొత్తవి పుడతాయా, లేక కంపెనీ గుట్టు బయటపడటమేనా అని మీరు అడిగారు. హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీ ప్రాసెస్ ఆర్ అండ్ డీలో పద్నాలుగేళ్లుగా ఉన్నాను. రెండూ చూశాను.

మా మందు ఒకటి ప్లాంట్‌లో స్ఫటికాలు కట్టేటప్పుడు మరీ సన్నగా వచ్చేది. ఫిల్టర్ గుడ్డ మూసుకుపోయి ఒక్కో బ్యాచ్ వడకట్టడానికి షిఫ్టంతా పట్టేది. సీడ్, అంటే పెద్ద స్ఫటికాలు పెరగడానికి విత్తనంలా వేసే అదే మందు పొడి, వేస్తూనే ఉన్నాం, ఫలితం లేదు. ఆ రోజుల్లోనే ఇంకో మాలిక్యూల్ మీద ఒక యూనివర్సిటీ ల్యాబ్‌తో జాయింట్ ప్రాజెక్ట్ నడుస్తోంది. అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, చల్లారుతున్న ద్రావణంలో ఏ ఉష్ణోగ్రత దగ్గర స్ఫటికాలు వాటంతటవే పుడతాయో ఓపిగ్గా కొలుస్తుంటే పక్కన కూర్చుని చూశాను. అప్పుడు వెలిగింది. మేం సీడ్ వేసే సమయానికే మా రియాక్టర్‌లో సన్న స్ఫటికాలు పుట్టేసి ఉంటున్నాయి! తిరిగొచ్చి మేమూ కొలిచాం. సీడ్ ఐదారు డిగ్రీలు ముందుగా వేసి, చల్లబరచడం నెమ్మది చేశాం. వడపోత రెండు గంటల్లో అయిపోయింది. జాయింట్ ప్రాజెక్ట్ మాత్రం ఎటూ తేలలేదు కాబట్టి మేనేజ్‌మెంట్ లెక్కల్లో అది ఇప్పటికీ ఫెయిలే.

అందుకే అలాంటి ల్యాబ్‌లకు ప్లాంట్‌లో నైట్ షిఫ్టులు చేసినవాళ్లనే పంపమంటాను. బయట దొరికినదాన్ని లోపల పండించే చేతులు ఉండాలి కదా. పసిపిల్లలకు రొటావైరస్ వల్ల వచ్చే విరేచనాలను అడ్డుకునే టీకా రొటావాక్‌నే చూడండి. 116ఈ అనే రొటావైరస్ రకం 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పసికందుల దగ్గర దొరికింది. దాన్ని మన భారత్ బయోటెక్ టీకాగా తయారుచేసి, ట్రయల్స్ దాటి, జాతీయ టీకా కార్యక్రమంలోకి వచ్చేసరికి 2016.

ఇక గుట్టు సంగతి. మరో ప్రాజెక్ట్‌లో మేం పేటెంట్‌కు అప్లై చేయకముందే ఒక విద్యార్థి ఆ ఫలితాలతో సెమినార్‌లో పోస్టర్ పెట్టేశాడు. అప్లై చేయకముందే బయటపెట్టినదానికి మామూలుగా పేటెంట్ రాదు. మన చట్టంలో ఇందుకు కొద్దిపాటి వెసులుబాటైనా ఉంది, యూరప్‌లో దాదాపు లేదు. అక్కడి పేటెంట్ వదులుకున్నాం. ఆ అబ్బాయిని ఏమనాలి? పేపర్లు, పోస్టర్లు ఉంటేనే అతని చదువు ముందుకు సాగేది. ఆగమని మేం చెప్పనేలేదు.

ఇప్పుడు పోస్టరైనా పేపరైనా నెల ముందు మా పేటెంట్ టీమ్‌కు చూపించాలని ఒప్పందంలోనే రాస్తున్నాం. ప్రొఫెసర్లు మొదట సణిగారు. నెలలోపు మేం ఏమీ చెప్పకపోతే ప్రచురించుకోవచ్చని ఇంకో వాక్యం కలిపాక సంతకాలు పెట్టారు.