పొలం బేరం పెట్టే ముందు...

ప్రశ్న: మా నాన్నకి 72 ఏళ్లు. ఖమ్మం దగ్గర రెండెకరాలు ఉంది. ఊపిరితిత్తుల క్యాన్సర్, నాలుగో స్టేజ్ అన్నారు. కీమో ఒక్కటే ఇవ్వొచ్చు, ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తే క్యాన్సర్‌తో పోరాడేలా చేసే మందు) కూడా కలపొచ్చు అంటున్నారు. కలిపితే మూడు వారాలకోసారి లక్షన్నర అట. అన్నయ్య పొలం అమ్మేద్దామంటున్నాడు. నాది హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. ఏం చేయమంటారు?

జవాబు: లక్షన్నర అనుకుంటే చేయగలమనిపిస్తుంది. ఏడాదికి 17 సార్లు పడుతుంది, అంటే పాతిక లక్షల పైమాటే. ముందు ఆ లెక్క కాగితం మీద రాసుకోండి.

నేను డాక్టర్ని కాను. అయినా ఈ రెండు ప్రశ్నలు మీరు అడిగి తీరాలి. ఈ వైద్యం జబ్బు నయం చేయడానికా, అదుపులో ఉంచడానికా? క్యాన్సర్ కణాల్లోని జన్యు మార్పులు చూసే ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే పరీక్షలు చేశారా? వాటిలో మార్పు కనబడితే చాలామందికి మాత్రలతోనే వైద్యం నడుస్తుంది. ఈజీఎఫ్‌ఆర్ పాత రకం మాత్రలకు జెనరిక్స్ (అదే మందు, బ్రాండ్ పేరు లేకుండా తక్కువ ధరకి) ఉన్నాయి, కాబట్టి ఖర్చు లెక్కే మారిపోవచ్చు. రిపోర్టులు పట్టుకుని హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జేలో ఇంకో అభిప్రాయం తీసుకోండి. నొప్పి, ఆయాసం తగ్గించే పాలియేటివ్ విభాగం కూడా అక్కడుంది. అక్కడికి వెళ్తే వైద్యం ఆపేసినట్టు కాదు.

ఇక డబ్బు. మీ ఆఫీసు గ్రూప్ ఆరోగ్య బీమా పాలసీలో నాన్న పేరుందా? ఉంటే ఇమ్యునోథెరపీకి సబ్‌లిమిట్ (ఆ ఒక్క వైద్యానికి ఇచ్చే గరిష్ఠ మొత్తం) ఎంతో హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడగండి. ఉద్యోగం మారితే ఆ పాలసీ పోతుంది, కాబట్టి ఈ ఏడాది మారే ఆలోచన ఉంటే వాయిదా వేయండి. 70 దాటినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, ఏడాదికి 5 లక్షల వరకు. తెల్లరేషన్ కార్డుంటే ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉంది. మీకు చెప్పిన మందు ఏ పథకంలో వస్తుందో ఆసుపత్రిలో ఈ పథకాల పని చూసే ఆరోగ్యమిత్రని అడిగి తెలుసుకోండి. కొన్ని మందులకు కంపెనీలే ధర తగ్గించే ప్రోగ్రాములు నడుపుతాయి, అదీ అడగండి. ఇప్పుడు కొత్త పాలసీ కొంటే మాత్రం ఈ జబ్బుకి అక్కరకు రాదు, ఏజెంట్ ఏం చెప్పినా సరే.

మా మామయ్యకి ఇలాగే వచ్చినప్పుడు ఖర్చుల గురించి అందరం వంటింట్లో గుసగుసలాడుకున్నాం. వరండాలోంచి ఆయన, "నాకూ చెప్పండ్రా, చేను నాదే కదా" అన్నారు. సిగ్గుతో తల దించుకున్నాం. మీ నాన్నకీ లెక్కంతా చూపించండి. ఎన్నిసార్లు ఆసుపత్రికి తిరగగలరో, ఇంట్లో ఎన్నాళ్లు ఉండాలనుకుంటున్నారో ఆయన నోటితోనే చెప్పనివ్వండి.

మందు పనిచేస్తోందో లేదో చూసే మొదటి స్కాన్ మామూలుగా రెండు మూడు నెలలకు తీస్తారు. అప్పటిదాకా ఎఫ్‌డీలు, అవసరమైతే బంగారం లోన్‌తో నెట్టుకురండి. తొందరలో అమ్మిన పొలానికి సరైన రేటు రాదు. ఎవరి దగ్గరా బయానా తీసుకోవద్దని అన్నయ్యకి ఈరోజే ఫోన్ చేయండి.